గోడ మిగిలి, మనుషులు వెళ్లిపోతే

2017 జూన్‌లో షికాగోలోని పిల్సెన్ పేటలో ఒక పాత భవనం గోడలకు బూడిద రంగు పూశారు. నలభై ఏళ్లు దాటిన బొమ్మలు ఆ రంగు కింద మాయమైపోయాయి. రేసీన్ అవెన్యూ మీద ఉన్న ఆ భవనం పేరు కాసా అజ్త్లాన్. 1970లో మొదలైన ఈ కేంద్రంలో కొత్తగా వచ్చిన మెక్సికన్లకు ఇంగ్లీషు నేర్పేవారు, పౌరసత్వ పరీక్షకు తయారు చేసేవారు, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునేవారు. ఒక దశలో అక్కడ ఉచిత వైద్యం కూడా దొరికేది. రే పట్లాన్ అనే చిత్రకారుడు 1970ల మొదట్లో పేట కుర్రాళ్లను వెంటబెట్టుకుని దాని గోడల నిండా తమ వాళ్ల చరిత్రను బొమ్మలు కట్టాడు. 2013లో డబ్బుల్లేక కేంద్రం మూతపడింది. భవనం చేతులు మారింది. కొత్త యజమాని దాన్ని అపార్ట్‌మెంట్లుగా మారుస్తూ బొమ్మల మీద రంగు కొట్టించాడు.

పేట భగ్గుమంది. జనం భవనం ముందు చేరారు, నిలదీశారు. చివరికి యజమాని దిగొచ్చాడు. పట్లాన్‌నే మళ్లీ పిలిపించి కొత్త బొమ్మ వేయించడానికి ఒప్పుకున్నాడు. ఆ గోడకు మళ్లీ రంగులొచ్చాయి.

దీన్ని చాలామంది గెలుపు కింద లెక్కేస్తారు. నాకు అలా అనిపించదు. బొమ్మ తిరిగొచ్చింది. ఇంగ్లీషు క్లాసు తిరిగి రాలేదు, పిల్లల గది తిరిగి రాలేదు. ఆ బొమ్మ ఎవరి గురించి వేశారో వాళ్లలో ఎంతమంది ఆ అపార్ట్‌మెంట్ల అద్దె కట్టగలరు? వలస వచ్చిన వాళ్లు కట్టుకున్న పేటలో దేన్ని కాపాడాలి, గోడనా, ఆ గోడ ముందు బతుకుతున్న మనుషులనా? రెండూ కావాలి. కానీ ఒకటే దక్కేట్టు ఉంటే ముందు మనుషులు. ఊళ్లు, ప్రభుత్వాలు ఇప్పటిదాకా దీన్ని తలకిందులుగా చేస్తున్నాయన్నది నా వాదన.

నేను యూనివర్సిటీ ఆఫ్ ఇలినాయ్ షికాగోలో చదువుకునే రోజుల్లో పిల్సెన్‌లో అద్దెకు ఉన్నాను. అందరూ యూఐసీ అని పిలిచే ఆ యూనివర్సిటీకి మన తెలుగు పిల్లలు ఏటా వస్తూనే ఉంటారు. క్యాంపస్‌కు దగ్గర, పింక్ లైన్ రైలు ఉంది, డౌన్‌టౌన్ పక్కనే, అద్దె కాస్త తక్కువ. నలుగురు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుంటే గడిచిపోతుంది. మేమూ అలాగే తీసుకున్నాం. కింది అంతస్తులో ఇంటి ఓనరమ్మ ఉండేది. మెక్సికోలోని మిచోఆకాన్ నుంచి చిన్న వయసులో వచ్చిన మనిషి. ఆమె ఇంగ్లీషు అంతంత మాత్రం, మా స్పానిష్ అసలు లేదు. అయినా చలికాలంలో హీటర్ ఆగిపోతే ఆమె తన ఇంట్లో నుంచి దుప్పట్లు తెచ్చిచ్చేది. పిల్సెన్ నాకు అలా పరిచయమైంది, అందుకే దాని గురించి తటస్థంగా మాట్లాడటం నాకు చేతకాదు.

పేట గురించి కొంచెం చెప్పాలి. పిల్సెన్ అన్న పేరు మెక్సికన్లు పెట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడ్డ చెక్ వలసదారులు తమ ఊరు ప్ల్‌జెన్ పేరు పెట్టుకున్నారు. వాళ్లు కట్టిన ఇటుక మేడలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని ఇళ్లకు వీధి నుంచి మెట్లు దిగి వెళ్లాలి. మురుగు కాలువలు వేయడానికి నగరం వీధుల్ని ఎత్తు చేసినప్పుడు ఇళ్లు మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయాయి. 1892లో కట్టిన థాలియా హాల్ చెక్ వాళ్ల నాటకాలకు, సభలకు వేదిక. ఇప్పుడది సంగీత కచేరీల హాలు.

మెక్సికన్లు పిల్సెన్‌కు పెద్ద సంఖ్యలో ఎలా వచ్చారన్నది చాలామంది చెప్పకుండా దాటేస్తారు. అంతకుముందు వాళ్లలో చాలామంది ఉత్తరాన, హాల్‌స్టెడ్, రూజ్‌వెల్ట్ వీధుల చుట్టుపక్కల, ఇటాలియన్లు, గ్రీకుల మధ్య ఉండేవాళ్లు. 1960ల మొదట్లో అక్కడ యూనివర్సిటీ క్యాంపస్ కట్టాలని నగరం నిర్ణయించింది. ఫ్లోరెన్స్ స్కాలా అనే ఇటాలియన్ మూలాలున్న మహిళ ముందుండి పోరాడింది, కోర్టుకెళ్లింది. ఓడిపోయారు. వేల మందిని ఖాళీ చేయించారు. 1965లో క్యాంపస్ తెరుచుకుంది. ఇళ్లు పోయిన మెక్సికన్ కుటుంబాలు దక్షిణానికి జరిగి పిల్సెన్ చేరాయి. ఆ క్యాంపస్ ఇవాళ్టి యూఐసీ. మేం చదువుకున్నది అక్కడే.

ఆ క్యాంపస్‌కు ఆనుకుని రూజ్‌వెల్ట్ రోడ్డు మీద సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసి చర్చి ఉంటుంది. జర్మన్లు కట్టిన గుడి అది. 1920ల నుంచి మెక్సికన్ల గుడి అయింది. చుట్టూ ఇళ్లు పడగొట్టాక కూడా వాళ్లు పిల్సెన్ నుంచి, ఇంకా దూరం నుంచి ఆదివారం ఆదివారం అక్కడికే వచ్చేవాళ్లు. 1994లో చర్చి పెద్దలు దాన్ని మూసేశారు. 1996 ఫిబ్రవరి చలిలో కూల్చివేత మొదలైంది. భక్తులు లోపలికి చొరబడి పగలూ రాత్రీ అక్కడే కూర్చున్నారు. కూల్చివేత ఆగింది, చర్చి మళ్లీ తెరిచారు. ఏ హెరిటేజ్ కమిటీ హోదా ఇచ్చి దాన్ని బతికించలేదు. దానితో పని ఉన్నవాళ్లు బతికించారు. పిల్సెన్ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. చుట్టూ ఇళ్లు లేకపోయినా గుడికి మనుషులున్నారు కాబట్టే గుడి నిలిచింది.

పిల్సెన్‌కు చేరిన మెక్సికన్లు అక్కడ ఉన్నదాన్ని వాడుకుని ఊరుకోలేదు, లేనిదాన్ని కొట్లాడి తెచ్చుకున్నారు. పేటలో హైస్కూలు లేదు. పిల్లలు బయటికి పోవాల్సి వచ్చేది, మధ్యలో చదువు మానేసేవాళ్లు. తల్లులు రోడ్డెక్కారు. ఏళ్ల తరబడి తిరిగి 1977లో బెనీతో హ్వారెస్ హైస్కూలు తెప్పించుకున్నారు. దాని రూపకల్పనలో మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియం కట్టిన పేరున్న ఆర్కిటెక్ట్ పేద్రో రామీరెస్ వాస్కెస్ పాలుపంచుకున్నాడు. కూలీల పేటలో ఒక సర్కారీ బడికి అంతటి మనిషిని తెచ్చుకోవాలని అనుకోవడంలోనే వాళ్ల పట్టుదల కనిపిస్తుంది.

1976 క్రిస్మస్ వేళ పేటలో ఒక ఇంటికి నిప్పంటుకుంది. పిల్లలతో సహా పలువురు చనిపోయారు. లోపల మనుషులున్నారని స్పానిష్‌లో అరుస్తున్నవాళ్ల మాట మంటలార్పే సిబ్బందికి అర్థం కాలేదని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దుఃఖంలో నుంచి 1977 గుడ్ ఫ్రైడే నాడు ఒక ఊరేగింపు పుట్టింది. క్రీస్తు సిలువ మోసిన దారిని పేట జనమే పాత్రధారులై 18వ వీధిలో నడిచి చూపించడం అప్పటి నుంచి ఆచారమైంది. ఇది పిల్సెన్‌లో పెద్ద గుర్తు అంటాను నేను. ఏ గోడ మీదా లేదు, ఏ పటంలోనూ ఉండదు. నడిచేవాళ్లు నడవగలిగినంత దూరంలో కాపురం ఉంటేనే అది ఉంటుంది.

1982లో కార్లోస్ తోర్తొలేరో అనే టీచర్, తోటి టీచర్లు కొందరు కలిసి 900 డాలర్లతో ఒక మ్యూజియం పెట్టాలనుకున్నారు. 1987లో హారిసన్ పార్కులో, ఒకప్పుడు పడవలు తయారు చేసిన షెడ్డులో అది తెరుచుకుంది. ఇవాళ్టి నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్ అదే. మొదటి రోజు నుంచీ ప్రవేశం ఉచితం. పనికి పోయి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లే కుటుంబం టికెట్ దగ్గర ఆగిపోకూడదని వాళ్ల పట్టు. ఏటా శరదృతువులో చనిపోయినవాళ్లను తలచుకునే పండుగకు అక్కడ స్మారక పీఠాలు పెడతారు. ఫోటోలు, బంతిపూలు, రొట్టె, పోయినవాళ్లకు ఇష్టమైన వస్తువులు. మొదటిసారి ఆ బంతిపూలు చూసినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మ్యూజియంలో ఏడుపొస్తుందని ఎవరనుకుంటారు?

18వ వీధి రైలు స్టేషన్ మెట్ల మీద, గోడల మీద ఫ్రాన్సిస్కో మెండోజా అనే చిత్రకారుడు తన విద్యార్థులతో కలిసి బొమ్మలు వేశాడు. మెండోజా బడిలో పాఠాలు చెప్పేవాడు. పేట స్కూళ్ల గోడల మీద చిన్న చిన్న రంగు పలకలు అతికించి చేసిన చిత్రాల్లోనూ అతని పిల్లల చేతులున్నాయి. ఎక్తొర్ దువార్తే అనే మరో చిత్రకారుడు తన సొంత ఇల్లంతా ఒక బొమ్మ చేశాడు. ముళ్లకంచె చుట్టుకుపోయి కింద పడి ఉన్న భారీ మనిషి, సరిహద్దు దాటిన వలసదారు. బొమ్మల దగ్గర నేను ఇంతకంటే ఆగను, వాటి గురించి ఇంటర్నెట్ నిండా ఫోటోలున్నాయి. వేసినవాళ్లు పేటలో ఉండేవాళ్లన్నది ఆ ఫోటోల్లో కనిపించదు. బడిపిల్లలు నిచ్చెన పట్టుకుంటే టీచరు రంగు వేశాడు. ఆ పిల్లల కుటుంబాలు ఊరి శివారుకు వెళ్లిపోతే తర్వాతి గోడ ఎవరు వేస్తారు?

వెళ్లిపోతున్నారన్నది ఊహ కాదు. యూఐసీ పరిశోధకులే లెక్క తీశారు. 2000 నుంచి 2013 మధ్య పిల్సెన్ నుంచి 10,000 మందికి పైగా లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, తగ్గిపోయారు. ఒకప్పుడు వాళ్లను ఇక్కడికి నెట్టిన క్యాంపస్‌లోనే వాళ్లు ఇక్కడి నుంచి వెళ్లిపోవడాన్ని లెక్కపెట్టారు. 2015 డిసెంబర్‌లో నువో లెయోన్ అనే హోటల్ కాలిపోయింది. 1962 నుంచి 18వ వీధిలో అన్నం పెట్టిన కుటుంబ హోటల్ అది. మళ్లీ అక్కడ తెరుచుకోలేదు. పోలిష్ వలసదారులు కట్టుకుని తర్వాత మెక్సికన్లు నిలబెట్టుకున్న సెయింట్ అడాల్బర్ట్ చర్చిని 2019లో మూసేశారు. పేటకంతా కనిపించే దాని జంట గోపురాల కోసం జనం ఏళ్ల తరబడి గొడవ పడుతూనే వచ్చారు.

2022లో వచ్చిన ఆస్తి పన్ను బిల్లుల గురించి ఇక్కడ చెప్పి తీరాలి. పిల్సెన్ ఉన్న లోయర్ వెస్ట్ సైడ్‌లో ఇళ్ల మీద మధ్యస్థ బిల్లు ఒక్కసారిగా దాదాపు 46 శాతం పెరిగిందని కౌంటీ ఖజానా అధికారులే లెక్క చెప్పారు. మా ఓనరమ్మకు నేను ఫోన్ చేస్తే ఆ బిల్లు గురించే మాట్లాడింది. ఇంటి అప్పు ఎప్పుడో కట్టేసింది, ఇల్లు ఆమె సొంతం. ఆమె దగ్గర అద్దెకున్నవాళ్లు ఆమె ఊరి వాళ్లే, వాళ్ల అద్దె పెంచడం ఆమెకు ఇష్టం లేదు. బిల్లు మాత్రం కొత్తగా వచ్చిన కాఫీ షాపుల ధరలను చూసి వచ్చింది. సొంత ఇల్లు ఉన్న మనిషికే ఇంత టెన్షన్ అయితే అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల మాట చెప్పనక్కర్లేదు. పిల్సెన్‌లో ఎక్కువమంది అద్దెకు ఉండేవాళ్లే. పైగా ఇలినాయ్ రాష్ట్రంలో ఏ ఊరూ అద్దెల మీద పరిమితి పెట్టకూడదని 1997లో చట్టం చేశారు. నగరం పెద్దలకు మనసున్నా చేతులు కట్టేసి ఉన్నాయి.

ఇక్కడ నాతో వాదించే స్నేహితులు ఎప్పుడూ ఒక మాట అంటారు. పేటలు మారుతూనే ఉంటాయి కదా, చెక్ వాళ్లు పోయారు, మెక్సికన్లు వచ్చారు, ఇప్పుడు ఇంకొకరు వస్తున్నారు, దీనికింత బాధెందుకు అని. విన్నంతసేపు సబబుగానే ఉంటుంది. చెక్ కుటుంబాలు ఎలా వెళ్లాయో చూడండి. వాళ్లలో చాలామంది చేతిలో నాలుగు డబ్బులు చేరాక ఇల్లు అమ్ముకుని పడమర వైపు సిసిరో, బెర్విన్ లాంటి చోట్ల ఇంకొంచెం పెద్ద ఇల్లు కొనుక్కున్నారు. అది ఎదుగుదల. అద్దె చీటీ చూసి మూడు వారాల్లో సామాను సర్దుకునేవాడిది ఎదుగుదల కాదు. అమ్ముకున్నవాడికి పేట విలువలో వాటా వస్తుంది. అద్దెవాడు ఆ విలువను ముప్పై ఏళ్లు పెంచి, పైసా లేకుండా పోతాడు. కూలీపని చేసుకునేవాళ్లు బడి తెప్పించారు, 2012లో పేటలోని ఫిస్క్ బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడేదాకా ఏళ్ల తరబడి పోరాడి గాలిని శుభ్రం చేసుకున్నారు. గాలి శుభ్రమయ్యాక, బడి బాగుపడ్డాక, గోడలు అందంగా అయ్యాక ఆ పేట అందరికీ నచ్చింది. మారడం సహజమే అనేవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. షికాగో నగరం పిల్సెన్ మధ్య భాగాన్ని, దాదాపు 850 భవనాలను, గోడచిత్రాలతో సహా చారిత్రక ప్రాంతంగా ప్రకటిద్దామని ప్రతిపాదించింది. వినడానికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? కూల్చివేతలు ఆగుతాయి, చెక్ వాళ్లు గోడల పైఅంచున చెక్కిన కార్నిసులు, మెక్సికన్ల బొమ్మలు రెండూ మిగులుతాయి. కానీ పేటలో చాలామంది వద్దన్నారు. నగర సభలో ఆ పేట ప్రతినిధి (ఆల్డర్‌మన్) బైరన్ సిగ్చో లోపెస్ కూడా వాళ్ల వైపే నిలబడ్డాడు. 2020 డిసెంబర్‌లో నగర సభ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

బయటినుంచి చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సొంత చరిత్రను కాపాడతామంటే వద్దనేవాళ్లు ఉంటారా అని. పేటవాళ్ల భయం మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. హోదా వచ్చాక కిటికీ మార్చాలన్నా, ముందు గోడకు మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి, చేసే పద్ధతీ నగరం చెప్పినట్టే ఉండాలి. మా ఓనరమ్మ లాంటి వాళ్లకు అది మోయలేని ఖర్చు. డబ్బున్న కంపెనీకి అది అసలు ఖర్చే కాదు. హోదా చూసి ధర పెరుగుతుంది, ధర చూసి పన్ను పెరుగుతుంది. చివరికి చిన్న ఓనరు అమ్ముకుంటాడు, పెద్దవాడు కొంటాడు, కార్నిసు మాత్రం భద్రంగా ఉంటుంది. ఇంటి ముందు గోడ ఎలా ఉండాలో ఆ హోదా చెబుతుంది. లోపల అద్దె ఎంత ఉండాలో చెప్పదు. కాబట్టి ఆ ప్రతిపాదనను తిప్పికొట్టడం సరైన పనే అని నా అభిప్రాయం.

అలాగని దాంతో పని అయిపోయిందని అనను. తిరస్కరించాక బొమ్మలకు రక్షణ లేకుండా పోయింది. ఏ యజమాని ఎప్పుడు ఏ గోడకు రంగు కొడతాడో తెలియదు. కాసా అజ్త్లాన్ దగ్గర జరిగింది రేపు ఇంకో గోడ దగ్గర జరగొచ్చు. హోదా ఇవ్వకూడదని కాదు నేననేది. హోదాతో పాటే మరమ్మతుల డబ్బు ఇవ్వండి. డౌన్‌టౌన్‌లో పెద్ద భవనాలు కట్టేవాళ్ల దగ్గర వసూలు చేసిన సొమ్ముతో చారిత్రక భవనాలకు సాయం చేసే నిధి ఒకటి నగరం దగ్గర ఉండనే ఉంది. అందులో నుంచి మొదట చిన్న ఓనర్లకు, అద్దెలు పెంచబోమని రాసిచ్చినవాళ్లకు ఇవ్వండి. అప్పుడు జనం వద్దనరు.

ఒక్క కట్టడానికే హోదా ఇచ్చి చుట్టుపక్కల వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే పిల్సెన్‌కు పడమర ఉన్న లిటిల్ విలేజ్‌కు వెళ్లాలి. మెక్సికన్లు లా వీయీతా అని పిలుచుకునే పేట. 26వ వీధి మొదట్లో పెద్ద ఆర్చి ఉంటుంది, ఆద్రియన్ లొసానో అనే ఆర్కిటెక్ట్ రూపొందించాడు. 2022లో నగరం దానికి చారిత్రక కట్టడం హోదా ఇచ్చింది. మెక్సికన్ మూలాలున్న ఆర్కిటెక్ట్ కట్టడానికి షికాగోలో ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నిజంగా సంతోషించాల్సిన విషయం. అదే ఆర్చి పక్కన డిస్కౌంట్ మాల్ అనే పెద్ద బజారు ఉంది. చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుకకు ఆడపిల్లల తెల్ల గౌనులు, కౌబాయ్ బూట్లు, ఫోన్ కవర్లు, పిల్లల బొమ్మలు, అన్నీ చిన్న చిన్న కొట్లు. స్థలం 2020లో కొత్త యజమాని చేతికి వెళ్లింది. 2023లో ఒక భాగంలోని వ్యాపారులు ఖాళీ చేయాల్సి వచ్చింది. దశాబ్దాలుగా అక్కడే కొట్టు నడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. స్వాగతం చెప్పే ఆర్చికి చట్టం కాపలా ఉంది. దాని నీడలో బతికిన కొట్టుకు ఏ కాపలా లేదు. నగరం దృష్టిలో ఏది సంస్కృతో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

సరిగ్గా చేసిన చోట్లు కూడా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని బోయిల్ హైట్స్‌లో మరియాచి ప్లాజా అని ఒక కూడలి ఉంది. మరియాచి అనే మెక్సికన్ సంప్రదాయ సంగీతం వాయించే, ముస్తాబైన వాద్యకారులు గిటార్లు, ట్రంపెట్లు పట్టుకుని పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు పిలిచేవాళ్ల కోసం అక్కడ వేచి ఉంటారు. ఎదురుగా 1889లో కట్టిన బోయిల్ హోటల్. దశాబ్దాలుగా ఆ వాద్యకారులు అందులోని గదుల్లో చవకగా ఉండేవాళ్లు. భవనం పాడుబడిపోయింది. లాభాపేక్ష లేని స్థానిక సంస్థ ఒకటి దాన్ని కొని, బాగుచేసి, 2012లో తక్కువ ఆదాయం వాళ్లకు అపార్ట్‌మెంట్లుగా మళ్లీ తెరిచింది. బయట పాత ఇటుక భవనం రూపు అలాగే మిగిలింది. లోపల సామాన్యుడు ఉండగలిగే అద్దె. నా మట్టుకు కాపాడటం అంటే అదే. ఆ ప్లాజా పక్కనే మరో భవనంలో 2017లో ఒక్కసారిగా అద్దెలు పెంచితే వాద్యకారులతో సహా అద్దెదారులు అద్దె కట్టడం ఆపి నెలల తరబడి పట్టుబట్టారు. చివరికి యజమాని వాళ్లందరితో కలిపి ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది.

శాన్ డియేగోలో బారియో లోగన్ అనే మెక్సికన్ పేట మీదుగా 1960ల్లో హైవే వేశారు, 1969లో కొరొనాడో వంతెన తెరిచారు. ఇళ్లు పోయాయి. వంతెన కింద పార్కు ఇస్తామన్నారు, తీరా అక్కడ హైవే పోలీసుల స్టేషన్ కట్టబోయారు. 1970 ఏప్రిల్ 22న జనం బుల్‌డోజర్లకు అడ్డం నిలబడి, ఆ స్థలాన్ని ఆక్రమించి, మొక్కలు నాటారు. అలా చికానో పార్క్ పుట్టింది. 1973 నుంచి వంతెన స్తంభాల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. 2016 చివర్లో దానికి జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది. పేట జనం ముందు స్థలం పట్టుకున్నారు, తర్వాత బొమ్మ వేశారు, హోదా అన్నిటికన్నా చివర వచ్చింది. పిల్సెన్‌లో మనం హోదాతో మొదలుపెట్టాలని చూశాం.

పిల్సెన్‌లోనూ దారి లేకపోలేదు. 1990లో ఆరు చర్చిలు తలా 5,000 డాలర్లు వేసుకుని ది రిసరెక్షన్ ప్రాజెక్ట్ అనే సంస్థ మొదలుపెట్టాయి. సామాన్యులకు అందే ఇళ్లు కట్టడం, ఇల్లు కొనుక్కోవడానికి సాయపడటం దాని పని. మూతపడ్డ సెయింట్ వైటస్ చర్చిని తీసుకుని చిన్నపిల్లల సంరక్షణ కేంద్రంగా మార్చారు. గుడి గోడలూ మిగిలాయి, తల్లులు పనికెళ్లేటప్పుడు పిల్లల్ని దింపడానికి చోటూ దొరికింది. 2021లో నగరం పిల్సెన్‌లో ఇల్లు కూల్చాలంటే 15,000 డాలర్లు, లేదా అందులోని ఒక్కో వాటాకు 5,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది కట్టాలని నియమం పెట్టింది. రెండు మూడు కుటుంబాలుండే మేడను ఒకే పెద్ద ఇల్లుగా మార్చడాన్నీ కష్టం చేసింది. ఇవి చిన్న అడుగులే. కానీ ఇవి కార్నిసును చూసి వేసిన అడుగులు కావు, వంటిల్లును చూసి వేసినవి. 2022లో 18వ వీధి, పియోరియా కూడలిలో 6 ఎకరాలకు పైగా ఖాళీ స్థలాన్ని కూడా నగరం సామాన్యుల ఇళ్ల కోసం తీసుకుంది. అక్కడ లేచే ఇళ్ల అద్దెను నగరం సగటు ఆదాయంతో కొలవకూడదు. బ్లూ ఐలాండ్ అవెన్యూలో తోర్తీయాలు అనే మెక్సికన్ రొట్టెలు చేసే ఫ్యాక్టరీ పనివాళ్ల జీతంతో కొలవాలి.

ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ కథలో మనమూ ఉన్నాం. యూఐసీలో సీటు వచ్చిన పిల్లలు పిల్సెన్‌లో ఫ్లాట్ వెతుక్కోవడంలో తప్పేమీ లేదు, చదువుకునేవాళ్లకూ చవకైన గది కావాలి. కానీ నలుగురం కలిసి కట్టే అద్దె, ఒక్క జీతం మీద బతికే కుటుంబం కట్టగలిగే అద్దె ఒకటి కాదని ఓనర్లకు తెలుసు. అద్దెదారుల సంఘాలు మీటింగ్ పెడితే మనకు సంబంధం లేదన్నట్టు తలుపేసుకోకండి. మీ పై వాటావాళ్లకు నోటీసు వస్తే అడగండి, సంతకం కావాలంటే పెట్టండి. ఓటు లేకపోయినా నోరుంది కదా.

చదువైపోయి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లతో ఇంకో మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీల చర్చ రోజూ నడుస్తుంది. పిల్సెన్ పేరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాత మేడ ఫోటో పెట్టి, అద్దెదారుల్ని ఖాళీ చేయించి బాగుచేస్తే రెట్టింపు వస్తుందని రాస్తారు. గోడ మీద బొమ్మ ఉంటే దాన్ని కూడా ఆకర్షణ కింద చెబుతారు. అది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఒక సమాజం ఏడ్చి, కొట్లాడి, రంగులు పూసి బాగుచేసుకున్న వీధిని మనం ఎక్సెల్ షీటులో ఒక గడిగా చూడటం నాకు మింగుడుపడదు. ఉద్యోగం కోసం సొంతూరు వదిలి వచ్చి, షికాగో శివారు ఆరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి చూస్తే ప్రాణం లేచొచ్చే మనకు, ఇంకొకరి గుడి, ఇంకొకరి బజారు, ఇంకొకరి బడి ఎంత ముఖ్యమో ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని ఉండకూడదు.

అక్కడ ఇల్లు కొనాలనుకుంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఎవరో కనుక్కోండి. ఎన్నేళ్లుగా ఉన్నారో, ఎంత కడుతున్నారో, వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో అడగండి. మీరు బ్యాంకుకు కట్టాల్సిన కిస్తీ వేసుకుని, పన్ను వేసుకుని, వాళ్లను అదే అద్దెకు ఉండనివ్వగలరేమో లెక్క చూసుకోండి. ఉండనివ్వగలిగితే కొనండి, వాళ్లతో కాగితం మీద రాసుకోండి. లేకపోతే ఆ ఇల్లు కొనకండి.